అమావాస్య కాపలా

"ముందు మీ కోడల్ని బయటికి పిలవండి బావగారూ. చెరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఈశ్వరప్రసాద్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మామూలు రోజుల్లో "ఏం బావా" అంటూ చెప్పులతోనే హాల్లోకి వచ్చేస్తాడు. ఇవాళ చెప్పులు గుమ్మం బయట విడిచాడు. కుర్చీ చూపిస్తే గానీ కూర్చోలేదు. బావమరిది వాలకం చూసి పిచ్చేశ్వరరావు గారు పక్కనున్న పేపరు చేతిలోకి తీసుకున్నారు.

వెనకాలే తేజ వచ్చాడు. ఈ ఇంటి కొడుకే అయినా చుట్టపుచూపుగా వచ్చినవాడిలా గోడవారగా నిలబడ్డాడు. ఒంటి మీద ఇంకా ఆ వాసన ఉంది. చచ్చిన రొయ్యని వలలతో గట్టుకి లాగి, గోతుల్లో పోసి సున్నం చల్లిన వాసన. సబ్బుకి వదిలేది కాదు.

మేనమామా మేనల్లుడూ కలిసి కృత్తివెన్ను దగ్గర లీజుకి తీసుకున్న రెండు చెరువుల్లో పెద్దదానిలో రొయ్యంతా అమావాస్య రాత్రి చచ్చి తేలింది. రొయ్య అమావాస్యకీ పున్నమికీ పెంకు విడుస్తుందనీ, మెత్తబడ్డ రొయ్య గాలి చాలకపోతే ఇట్టే చస్తుందనీ అక్కడ అందరూ చెప్పేదే. అందుకే ఆ పూటల్లో చెరువు ఉన్నవాడెవడూ గట్టు దిగడు. ఆ రాత్రి కరెంటు పోయింది. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి. జనరేటర్ వేసేవాడు లేడు. తెల్లారేసరికి నీళ్ళ మీద రొయ్యే తప్ప నీళ్ళు కనపడలేదు.

సీతామహాలక్ష్మి తమ్ముడికి మంచినీళ్ళు తెచ్చింది.

"తాగరా ముందు."

"తర్వాత తాగుతానక్కా."

కోడలు తనూజ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది.

"అమ్మా, అమావాస్య నాడు నువ్వు మన చెరువు దగ్గరికి వచ్చావా?" అడిగాడు ఈశ్వరప్రసాద్.

"ఇదెందుకొస్తుందిరా అక్కడికి? గుడివాడ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. చల్లపల్లి బస్టాండులో నేనేగా బస్సెక్కించాను," అంది సీతామహాలక్ష్మి.

"మేత షాపు నాంచారయ్య చూశాడక్కా. గట్టు మీద నడిచి వెళ్తుంటే."

"నాంచారయ్యకి నేను ఎదురుగా నిలబడినా కనపడను."

"వచ్చాను బాబాయిగారూ," అంది తనూజ.

సీతామహాలక్ష్మి కోడలి వంక చూడలేదు, తమ్ముడి వంకా చూడలేదు. తను తెచ్చిన మంచినీళ్ళు తనే తాగేసింది.

ఈశ్వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "అడక్కూడదు. అయినా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆ రోజు నీకు మైల గానీ ఉందా?"

"ఒరేయ్! ఆడపిల్లని అడిగే మాటేనా అది?"

"నేను పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ చెరువులే చేస్తున్నానక్కా. నా గట్టు మీద అలాంటిది ఎప్పుడూ జరగనివ్వలేదు. అడిగానంతే."

"లేదండీ. అప్పటికి అది అయిపోయి చాలా రోజులైంది," అంది తనూజ.

ఆ ప్రశ్న అడగడానికి ఈశ్వరప్రసాద్‌కి సిగ్గు వెయ్యలేదు. జవాబు వినడానికి మాత్రం సిగ్గేసి కిటికీ వైపు తిరిగాడు. పిచ్చేశ్వరరావు గారు అంతకుముందే పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఈ మగాళ్ళ సిగ్గు ఎప్పుడు పుడుతుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి.

"సరే. ఎప్పుడొచ్చావు? ఎప్పుడెళ్ళావు?"

తనూజ నోరు తెరిచేలోపే తేజ అందుకున్నాడు. "మధ్యాహ్నం వచ్చింది మావయ్యా. క్యారేజీ ఇచ్చి, సాయంత్రం బస్సుకే గుడివాడ వెళ్ళిపోయింది."

"రాత్రి నువ్వెక్కడున్నావు?"

"చిన్న చెరువు మీద. అక్కడ జనరేటర్ మొరాయిస్తుంటే చూస్తున్నాను. పెద్ద చెరువు అబ్బులుకి అప్పజెప్పాను. వాడు చెప్పాపెట్టకుండా ఇంటికి పోయాడు."

అబ్బులు ఆ చెరువుల మీద రాత్రి కాపలా మనిషి. ఆ సాయంత్రం షెడ్డు ముందు నిలబడి, "నువ్వీ పూట ఇంటికెళ్ళి పొద్దున్నే రా అబ్బులూ, నేను చూసుకుంటాలే" అని తేజ చెప్పడం తనూజ చెవులారా విన్నది. "అమావాస్యండీ చిన్నబాబూ" అని అబ్బులు గొణిగాడు. "నాకు తెలుసులేవోయ్" అన్నాడు తేజ.

"అయితే వాణ్ణి ఇవాళే మాన్పించేస్తున్నాను," అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆ తర్వాత తనూజ వైపు తిరిగాడు. "సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావా అమ్మా?"

తనూజ భర్త వంక చూసింది. తేజ తన కాలి బొటనవేలి వంక చూసుకుంటున్నాడు.

"వెళ్ళిపోయానండీ," అంది.

*

పెరట్లో పంపు దగ్గర తేజ ముఖం కడుక్కుంటున్నాడు. తనూజ తువ్వాలు ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

"ఎందుకన్నారా మాట?"

"మెల్లిగా. మావయ్య ఉన్నాడు."

"ఉంటే ఉండనివ్వండి. ఎందుకన్నారు?"

"మరేం చెప్పమంటావు? అమావాస్య పూట పెళ్ళాం పక్కన పడుకుని కరెంటు పోయిన సంగతే ఎరగనని చెప్పనా? కాలరు పట్టుకుని లీజులోంచి బయటికి తోస్తాడు. చిన్న చెరువు కూడా పోతుంది మనకి. ఆ తర్వాత నన్నెవడు గట్టెక్కనిస్తాడు?"

"అబ్బులు ఏం చేశాడు పాపం?"

"ఎక్కడో ఓ చోట పెట్టిస్తానులే."

తేజ చెడ్డవాడేం కాదు. చేతనైతే ఎవరికీ నొప్పి తగలకుండా చూస్తాడు. కాకపోతే తనకి తగిలేటట్టుంటే మాత్రం ఆ పక్కనున్నవాణ్ణి ముందుకి జరుపుతాడు. పెళ్ళయిన రెండేళ్ళలో తనూజకి ఆ సంగతి ఇవాళే తెలిసింది.

"ఆ రోజు నేను ఎందుకొచ్చానో గుర్తుందా అసలు?"

"గుర్తుంది. డాక్టరమ్మేదో చెప్పిందన్నావు."

"ఏం చెప్పింది?"

తేజ తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"అదే... ఆ రోజుల్లో అయితే నిలుస్తుందని."

"ఆ రోజుల్లో అయితేనే కడుపు నిలుస్తుందని. మిగతా రోజుల్లో నిలవదని. ఈ నెల మీరు ఇంటికే రాలేదు. అత్తయ్య పిలిచినా, చిన్న చెరువులో కొత్త రొయ్యపిల్ల వదులుతున్నామని రాలేదు. నేను వచ్చిన ఆ ఒక్క రాత్రి తప్ప మనం కలిసి ఉన్నది లేదు. ఇప్పుడు ఆ రాత్రి నేను అక్కడ లేనే లేనని నలుగురిలో చెప్పారు. నాచేత కూడా చెప్పించారు."

"అయితే ఏమైంది?"

"నిలిస్తే?"

తేజ ముఖం మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నిలవాలని రెండేళ్ళుగా మొక్కుకుంటున్న మనిషికి, నిలిస్తే ఏం చెప్పాలన్నది మాత్రం ఇంతవరకూ తట్టలేదు.

"నిలవనీ, అప్పుడు చూద్దాం," అన్నాడు.

"అప్పుడు కాదు. ఇవాళ రాత్రి ఇంట్లో ఉండండి. పొద్దున బాబాయిగారి ఇంటికి వెళ్ళి మీరే నిజం చెప్పండి. పక్కన నేనూ ఉంటాను. ఆయన తిడితే ఇద్దరం పడదాం."

తేజ ఏదో అనబోయాడు. హాల్లోంచి పిలుపు వచ్చింది. "తేజా! బయల్దేరు. అబ్బులు లేడుగా, ఇక నువ్వే చూసుకోవాలి. కొత్త మనిషి దొరికేదాకా గట్టు దిగడానికి వీల్లేదు."

తేజ చొక్కా చేత్తోనే ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. అబ్బులు మీదికి తోసిన కాపలా తన మెడకే పడింది. పున్నమి దాటినా ఇంటికి రాలేదు.

*

ఆ ఇంట్లో ఓ పద్ధతి ఉంది. కోడలు బయట చేరి, తలస్నానం చేసి లోపలికి వచ్చిన ఐదో రోజు పొద్దున్నే సీతామహాలక్ష్మి కొడుక్కి ఫోన్ చేస్తుంది. "ఒరేయ్, నాలుగు రోజులు ఇంటికి రారా" అంటుంది. ఇంకేం చెప్పదు. తేజ వస్తాడు. వాడికి ఇష్టమైన చింతకాయ పచ్చడి నూరుతుంది, పెందలాడే లైట్లు తీయిస్తుంది, మొగుణ్ణి వరండాలోకి తరుముతుంది. ఆవిడ అత్తగారు ఆవిడకి అలాగే చేశారు. అమావాస్య దగ్గర పడగానే తేజ తిరిగి గట్టెక్కుతాడు.

ఈసారి పున్నమి వచ్చింది, పోయింది. కోడలు బయట చేరలేదు. ఫోన్ చెయ్యడానికి సందర్భం రాలేదు. సీతామహాలక్ష్మి అడగాలనుకుంటూనే అడగకుండా తిరుగుతోంది. రెండేళ్ళలో ఒకసారి ఇలాగే ఆలస్యమైతే తొందరపడి కొబ్బరికాయ కొట్టించింది, ఆ మర్నాడే ఆశ పోయింది.

అలాంటి ఓ పొద్దున అబ్బులు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, తువ్వాలు చేతిలో నలుపుతూ, పిచ్చేశ్వరరావు గారితో చెప్పుకున్నాడు.

"నేను పారిపోలేదండీ అయ్యగారూ. చిన్నబాబుగారే పొమ్మన్నారండీ. చిన్నమ్మగారు కూడా ఉన్నారండీ అప్పుడు. ఒక్కమాట అడగండి ఆవిణ్ణి. అమావాస్య పూట కాపలా ఎగ్గొట్టాడని పేరొచ్చాక నన్ను ఏ చెరువోళ్ళూ పెట్టుకోవట్లేదండీ."

"వాడు చెప్పింది విన్నాం, నువ్వు చెప్పిందీ విన్నాం. వెళ్ళిరా అబ్బులూ," అన్నారు పిచ్చేశ్వరరావు గారు. ఆయన జీవితంలో చాలా తగువులు ఈ రెండు ముక్కలతోనే తీర్చారు.

అబ్బులు వెళ్ళిపోయాడు. వంటింట్లో వంకాయలు తరుగుతున్న సీతామహాలక్ష్మి కత్తిపీట మడిచేసింది.

"చిన్నమ్మగారు కూడా ఉన్నారంటాడేవిటే?"

తనూజ పొయ్యి మీది పాలు దించింది. స్టవ్ కట్టేసింది.

"అత్తయ్యా, నాకు నెల తప్పింది. నిన్న పరీక్ష చేసుకున్నాను. నిలిచింది."

సీతామహాలక్ష్మి చటుక్కున లేచింది. కోడలి గడ్డం పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియక కోడలికే పెట్టబోయింది. అంతా క్షణం సేపే. మరుక్షణం గడ్డం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వాడు ఈ నెల రాలేదు కదే. నీ తలస్నానం తర్వాత ఫోన్ చేస్తే, పిల్ల వదులుతున్నాం రానన్నాడు. ఆ ఐదో రోజు దాటిపోతే ఇంకెలా నిలుస్తుంది?"

"ఐదో రోజుకి నిలవదు అత్తయ్యా. నాకు నిలవదు."

"అదేం మాట? మా అత్త, వాళ్ళత్త..."

"ఒకళ్ళకీ ఒకళ్ళకీ తేడా ఉంటుందట. పోయిన నెల బందరులో డాక్టర్ సాదియా గారి దగ్గరికి వెళ్ళాం కదా. ఆవిడ మా ఇద్దరి పరీక్షలూ చూసి బాగానే ఉన్నాయన్నారు. మీ ఆయన ఇంట్లో ఎప్పుడుంటారమ్మా అని అడిగారు. అంతవరకూ ఆ మాట ఏ డాక్టరూ అడగలేదు."

"ఎప్పుడుంటే ఏం?"

"వచ్చే నెలసరికి రెండు వారాల ముందు, కాస్త అటూ ఇటూగా, లోపల అండం విడుదలవుతుందట. విడుదలయ్యాక మహా అయితే ఒక్కరోజు బతుకుతుంది. మగవాళ్ళది మాత్రం లోపల కొన్ని రోజులు, ఐదు రోజుల దాకా కూడా ఉంటుందట. అందుకని అండం వచ్చే రోజూ, దానికి ముందు నాలుగైదు రోజులూ, అంతే. మిగతా నెలంతా ఎన్ని పూజలు చేసినా ఒకటే. నెల తొందరగా వచ్చేవాళ్ళకి ఆ రోజులు ముందుగా వస్తాయి, వాళ్ళకి తలస్నానం అయ్యీ అవగానే నిలవొచ్చు. మీకు అలాగే అయ్యుంటుంది. నాకు నెల పున్నమి దగ్గర వస్తోంది, ముప్పై రోజులు పడుతుంది. ఆ రోజులు వచ్చి వచ్చి అమావాస్య దగ్గర పడుతున్నాయి."

సీతామహాలక్ష్మి పీట మీద కూలబడింది. అమావాస్యకి కొడుకు ఎక్కడుంటాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

"తెల్లబట్ట అవుతోందని మీతో అన్నానే, గుడ్డు తెల్లసొనలాగా జారుగా సాగుతోందని," తనూజ చెబుతూనే ఉంది. "నీరసం అని మీరు బార్లీ కాచి ఇచ్చేవారు. అది జబ్బు కాదట. ఆ రోజులు వచ్చాయని ఒళ్ళు చెప్పే గుర్తట. నెలనెలా అది కనపడేది. నెలనెలా నేను బార్లీ తాగేదాన్ని. ఆయన చెరువు మీద ఉండేవారు."

"అయితే రెండేళ్ళుగా నేను వాణ్ణి పిలిపించినవన్నీ..."

గొడ్రాలన్న మాట పైకి అనలేదు గానీ, పేరంటాలకి కోడల్ని వెనక నిలబెట్టింది ఆవిడే. గుడివాడ వియ్యపురాలితో "మీ వైపు ఎవరికైనా ఇలా ఉందా వదినగారూ" అని అడిగింది ఆవిడే. ఇప్పుడు ఆ రెండూ గుర్తొచ్చి ముఖం మాడిపోయింది. క్షమించమని అడిగే అలవాటు ఆవిడకి లేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని వంకాయ ముక్కల్ని నీళ్ళలో పడేసింది.

ఆవిడకి లెక్క తప్పొచ్చు, లెక్క రాకపోలేదు. తిథులన్నీ వేళ్ళ మీద ఉంటాయి. కాసేపటికి తల ఎత్తింది.

"అంటే ఇది అమావాస్యది."

"అవును."

"ఆ రాత్రి నువ్వు గుడివాడలో ఉన్నావు. వాడు చిన్న చెరువు మీద ఉన్నాడు. ఇద్దరూ మా తమ్ముడి ముందు అదే చెప్పారు."

తనూజ పాలగిన్నె మీద మూత పెట్టింది.

"నిన్నేనే! మరి ఇది ఎక్కడిది?"

"నేను గుడివాడ వెళ్ళలేదు అత్తయ్యా. చెరువు దగ్గర షెడ్డులోనే ఉన్నాను. తెల్లవారుజామున ఆయనే బండి మీద తీసుకెళ్ళి మొదటి బస్సు ఎక్కించారు. అప్పటికి చీకటి, చెరువు సంగతి మేం చూసుకోలేదు."

"అబ్బులు?"

"ఆయనే పంపించేశారు. నా ముందే."

సీతామహాలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే బయట కారు ఆగింది. "కొత్త కాపలా మనిషి దొరికాడు బావా," అంటూ ఈశ్వరప్రసాద్ లోపలికి వస్తున్నాడు. ఇవాళ చెప్పులు విప్పలేదు. కోపం తగ్గిందన్న మాట.

"వాడికిప్పుడు చెప్పకు," అంది సీతామహాలక్ష్మి గొంతు తగ్గించి. "తేజని రానీ. నెమ్మదిగా, ఎలాగోలా..."

"ఎలాగోలా అంటే ఎలా అత్తయ్యా? ఈ నెల ఆయన ఇంటికి రాలేదని ఊరందరికీ తెలుసు. నేను ఆ రాత్రి అక్కడ లేనని ఆయనే చెప్పారు. రోజులు గడిచేకొద్దీ ఏదో ఒకటి అనుకుంటారు. నా గురించీ అనుకుంటారు, పుట్టేవాళ్ళ గురించీ అనుకుంటారు. నేను అబద్ధం చెప్పాను, తప్పే. ఇంకొక్క పూట కూడా దాన్ని మొయ్యలేను."

"నువ్వు చెప్పకు మరి. వాడిచేతే చెప్పిద్దాం."

"ఆయనచేతే చెప్పిస్తాను."

తనూజ ఫోను తీసుకుని హాల్లోకి నడిచింది. పిచ్చేశ్వరరావు గారు పేపరు దించారు. ఈశ్వరప్రసాద్ "ఏం అమ్మా, కులాసానా" అన్నాడు. ఆమె తల ఊపి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది.

రెండు రింగులకే తేజ ఎత్తాడు. వెనక ఏరేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడు.

"చెప్పు తనూ."

"పరీక్ష చేసుకున్నానండీ. నిలిచింది."

మొదట నవ్వు వినపడింది. దాచుకోలేని నవ్వు, చిన్నపిల్లాడి నవ్వు. "నిజంగానా? ఒట్టు? తనూ, నిజం చెప్పు" అన్నాడు. పిచ్చేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ నవ్వు విని తనూజకి ధైర్యం వచ్చింది. ఇంత సంతోషపడ్డ మనిషి కాదనడని నమ్మింది.

"నిజమే. ఇంట్లో కూడా చెప్పాను. ఎప్పటిదని అత్తయ్య అడుగుతున్నారు. మీరు చెప్పండి."

నవ్వు ఆగింది.

"మావయ్య గానీ ఉన్నాడా అక్కడ?"

ఈశ్వరప్రసాద్ తల తిప్పి చూశాడు. తనూజ జవాబు చెప్పబోయింది. వెనకనుంచి వచ్చిన సీతామహాలక్ష్మి కోడలి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఉన్నాడు. మీ నాన్న ఉన్నారు, నేనున్నాను. ఎవరికీ భయపడక్కర్లేదు, చెరువు పోతే పోయింది. నా కొడుకువి కదరా, ఒక్క నిజం చెప్పు. అమావాస్య రాత్రి నీ పెళ్ళాం ఎక్కడుంది?"

లైను తెగిందేమోనని ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు తేజ గొంతు వినపడింది, హాల్లో అందరికీ వినపడింది.

"గుడివాడలోనే ఉందిగా అమ్మా. వాళ్ళమ్మ దగ్గర."